సిటీ సివిల్ కోర్టు నుంచి సమన్లు వచ్చాయి, నాన్నగారు ప్రతి వాయిదాకీ వెళ్లాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మలక్‌పేటలో సొంతిల్లు. ప్రహరీగోడ దగ్గర తగాదా వచ్చి పక్కింటివాళ్లు హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టులో దావా వేశారు. డెబ్బై దాటిన నాన్నగారి పేరున సమన్లు వచ్చాయి. మీరు పుణెలో ఉంటారు. ఆయన ప్రతిసారీ కోర్టుకు తిరగాలా, లాయర్ లేకుండా నడుస్తుందా, లోపల ఎవరిని అడగాలి, అంత పెద్ద కోర్టులో మామూలు మనిషిని పట్టించుకుంటారా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ప్రతి వాయిదాకీ ఆయన వెళ్లనక్కర్లేదు. లాయర్‌కి వకాలత్, అంటే తన తరఫున కేసు నడపమని రాసిచ్చే కాగితం, ఇస్తే మామూలు వాయిదాలకు లాయరే హాజరవుతారు. ఆయన సాక్ష్యం చెప్పే రోజున, లేదా జడ్జి ప్రత్యేకంగా రమ్మన్న రోజున వెళ్లాలి. లాయర్ లేకుండా సొంతంగా వాదించుకునే హక్కు కూడా చట్టంలో ఉంది, కానీ మీ కేసులో అది మంచి ఆలోచన అని నేను అనను. ఇక పట్టించుకుంటారా అన్నదానికి: పట్టించుకుంటారు, మీరు సరైన నంబర్‌తో సరైన గదికి వెళితే.

నేను లాయర్ని కాదు. హైదరాబాద్ సివిల్ కోర్టుల ఆఫీసుల్లో చిన్న ఉద్యోగిగా చేరి సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాను. ఫైలింగ్, కాపీల సెక్షన్, రికార్డ్ రూమ్, బెంచ్ క్లర్క్ సీటు అన్నీ చూశాను. కాబట్టి మీ కేసు గెలుస్తుందా లేదా అన్నది నేను చెప్పను. ఆ ఆఫీసు ఎలా నడుస్తుందో చెబుతాను.

ముందు ఆ కవర్‌లో ఏమేం ఉన్నాయో చూడండి. సమన్లతోపాటు దావా కాపీ, అంటే ప్లెయింట్, తప్పకుండా ఉండాలి. గోడ తగాదా అంటున్నారు కాబట్టి దాదాపుగా ఇన్‌జంక్షన్ దావా, అంటే ఫలానా పని చేయకుండా ఆపమనే దావా, అయి ఉంటుంది. అలాంటివాటిలో ప్లెయింట్‌తోపాటు ఐ.ఏ. అనే మధ్యంతర పిటిషన్ కూడా వేస్తారు. దాని నోటీసు విడిగా ఉంటుంది, దాని తేదీ కూడా విడిగా ఉండవచ్చు, చాలాసార్లు దావా తేదీ కంటే ముందే ఉంటుంది. జనం పొరబడేది ఇక్కడే. సమన్ల మీద తేదీ చూసి, ఇంకా టైముంది కదా అని ఊరుకుంటారు. ఈలోగా ఐ.ఏ. వాయిదా వచ్చి వెళ్లిపోతుంది.

ఇంకో కాగితం కూడా ఉందేమో వెతకండి. మీవాళ్ల మాట వినకముందే కోర్టు తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చి ఉంటే దాని కాపీ కూడా వస్తుంది. ‘స్టేటస్ కో’ (ఉన్నది ఉన్నట్టే ఉంచండి) అనో, ఫలానా తేదీ వరకు కట్టడం ఆపమనో ఉంటుంది. అలాంటిది ఉంటే గోడ మీద ఒక్క ఇటుక కూడా పెట్టవద్దు, ఒక్క ఇటుక కూడా తీయవద్దు. ఉత్తర్వు తప్పని మీకు ఎంత గట్టిగా అనిపించినా సరే. దాన్ని ధిక్కరిస్తే ఆస్తి జప్తు చేయడానికి, మూడు నెలల వరకు సివిల్ జైలుకు పంపడానికి కోర్టుకు అధికారం ఉంది. ఆ ఉత్తర్వు ఎత్తేయమని అడగడానికి వేరే దారి ఉంది, అది లాయర్ చూసుకుంటారు.

గడువు సంగతి. సమన్లు అందిన రోజు నుంచి 30 రోజుల్లో మీ జవాబు, అంటే రిటెన్ స్టేట్‌మెంట్, దాఖలు చేయాలి. కారణం చూపిస్తే కోర్టు దాన్ని మొత్తం 90 రోజుల వరకు పొడిగించవచ్చు. మామూలు దావాల్లో అది దాటాక కూడా ఖర్చులు వేసి అనుమతించిన సందర్భాలు ఉన్నాయి. ఆ దయ మీద ఆధారపడి కూర్చోకండి. సమన్లు ఏ రోజు చేతికి వచ్చాయో కవర్ మీదే రాసిపెట్టుకోండి. తర్వాత ఆ తేదీ మీదే వాదన వస్తుంది.

సమన్లు తీసుకోకపోతే కేసు నడవదని ఇప్పటికీ నమ్మేవాళ్లు ఉన్నారు. తీసుకోవడానికి నిరాకరిస్తే ప్రాసెస్ సర్వర్, అంటే సమన్లు తెచ్చే కోర్టు ఉద్యోగి, తలుపుకు అతికించి, ఎప్పుడు ఎక్కడ ఎవరి ముందు అతికించాడో రాసి కోర్టుకు రిపోర్టు ఇస్తాడు. అది సరిగ్గా ఉందని జడ్జికి తోస్తే సమన్లు అందినట్టే లెక్క. నాకు బాగా గుర్తున్న ఒక పెద్దాయన, ‘దావా అంతా అబద్ధం, అబద్ధానికి నేనెందుకు జవాబు చెప్పాలి’ అనుకుని ఇంట్లో కూర్చున్నాడు. ఎక్స్‌పార్టీ అయింది, అంటే ఆయన లేకుండానే కేసు నడిచింది, డిక్రీ (తీర్పును అమలు చేయించే ఉత్తర్వు) కూడా అయింది. డిక్రీ అమలు చేయమనే ఎగ్జిక్యూషన్ పిటిషన్ నోటీసు ఇంటికి వచ్చాక పరుగున వచ్చాడు. ఎక్స్‌పార్టీ డిక్రీ కొట్టేయమని అడగడానికి డిక్రీ తేదీ నుంచి 30 రోజులే గడువు. సమన్లు సరిగ్గా అందలేదని రుజువు చేస్తే తెలిసిన రోజు నుంచి లెక్క. ఆయనకేమో సమన్లు చేతికి అందినట్టు ఆయన సంతకమే ఉంది. ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్, డిక్రీ కొట్టేయమని పిటిషన్, వాటి మీద వాయిదాలు... అసలు తగాదా ఏమిటో ఎవరూ మాట్లాడకుండానే చాలా కాలం గడిచింది.

మీది ఏ కోర్టు? ఇది చిన్న ప్రశ్నలా అనిపిస్తుంది కానీ హైదరాబాద్‌లో చిన్నది కాదు. మనం హైదరాబాద్ అని పిలిచే ఊరు న్యాయపరంగా ఒకే జిల్లా కాదు. మలక్‌పేట హైదరాబాద్ జిల్లా, కాబట్టి సిటీ సివిల్ కోర్టు. గచ్చిబౌలిలో ఇల్లు ఉంటే రంగారెడ్డి జిల్లా, కూకట్‌పల్లిలో ఉంటే మేడ్చల్–మల్కాజిగిరి. స్థిరాస్తి తగాదా ఆస్తి ఉన్నచోటి కోర్టులోనే వేయాలి, మనుషులు ఎక్కడ ఉంటున్నారన్నది లెక్కలోకి రాదు. 2022 జూన్‌లో రెవెన్యూ జిల్లాలకు తగ్గట్టు న్యాయ జిల్లాలను కూడా విడగొట్టారు. అప్పుడు పాత రంగారెడ్డి ఫైళ్లు చాలా వేరే కోర్టులకు వెళ్లాయి. పాత నంబర్ పట్టుకుని రంగారెడ్డి కోర్టులున్న ఎల్.బి. నగర్‌లో తిరిగి తిరిగి, చివరికి తమ ఫైలు ఇంకోచోట ఉందని తెలుసుకున్నవాళ్లను చూశాను.

సిటీ సివిల్ కోర్టు అనగానే పాతవాళ్లకు పురానీ హవేలీయే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దుస్తుల కోసం కట్టిన పొడవాటి బీరువాల గది ఉన్న హవేలీ అదే. వాయిదా మధ్యాహ్నానికి పడితే ఆ మ్యూజియం చూసి రావచ్చు, నేను చాలామందికి ఆ సలహా ఇచ్చాను. సికింద్రాబాద్‌లోనూ సివిల్ కోర్టులున్నాయి. నాంపల్లి అంటే క్రిమినల్ కోర్టులు. మూసీ ఒడ్డున గుమ్మటాలతో కనిపించే భవనం హైకోర్టు, మీకు దానితో పని లేదు. మొదటిసారి వచ్చేవాళ్లు సగంమంది అక్కడ దిగి అడుగుతుంటారు. కోర్టు హాళ్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారుతూ ఉంటాయి కాబట్టి సమన్ల మీద రాసిన కోర్టు పేరు పూర్తిగా చదవండి. ‘ఫలానా నంబర్ జూనియర్ సివిల్ జడ్జి’ అన్న మొత్తం పేరు కావాలి. ఉత్త ‘సిటీ సివిల్ కోర్టు’ అంటే ఎవరూ దారి చూపలేరు.

నంబరే మీ తాళంచెవి. రెండు నంబర్లు ఉంటాయి. ఒకటి ఓ.ఎస్. నంబర్, అంటే ఆ కోర్టులో మీ దావాకు ఇచ్చిన నంబర్, సంవత్సరంతో సహా. రెండోది సీఎన్‌ఆర్, అక్షరాలూ అంకెలూ కలిపి 16 ఉంటాయి, దేశం మొత్తంలో ఆ కేసుకు అదొక్కటే. ‘ఈ–కోర్ట్స్ సర్వీసెస్’ యాప్‌లో సీఎన్‌ఆర్ కొడితే తర్వాతి వాయిదా ఎప్పుడు, ఏ దశలో ఉంది, ఇంతవరకు ఏం జరిగింది, ఎక్కించిన ఉత్తర్వులు అన్నీ కనిపిస్తాయి. సీఎన్‌ఆర్ తెలియకపోతే పార్టీ పేరుతో వెతకవచ్చు, కాకపోతే మన పేర్ల స్పెల్లింగులు ఇంగ్లీషులో నాలుగు రకాలుగా ఉంటాయి, అన్నీ ప్రయత్నించాలి. మీరు పుణెలో ఉన్నా ప్రతి వాయిదా మీ ఫోన్‌లో కనిపిస్తుంది. లాయర్ గుమాస్తాకి రోజూ ఫోన్ చేసి ‘ఏమైంది’ అని అడిగే టెన్షన్ తగ్గుతుంది. ఆ సౌకర్యం రాకముందు జనం వాయిదా తేదీ ఒక్కటి కనుక్కోవడానికి ఒక పూట పోగొట్టుకునేవాళ్లు. మా సీట్ల ముందు క్యూలో సగం అదే పని.

ఒక హెచ్చరిక. యాప్‌లో ఎంట్రీ ఆలస్యం కావచ్చు, తప్పు పడవచ్చు. వాయిదా ముందు రోజు కాజ్ లిస్ట్, అంటే ఆ రోజు కోర్టు పిలిచే కేసుల జాబితా, కూడా చూసుకోండి. ఈ యాప్‌కే ఇంకో ఉపయోగం ఉంది. వాట్సాప్‌లో కోర్టు ముద్రతో సమన్లు, అరెస్టు వారెంటు పంపి డబ్బులడిగే మోసాలు పెరిగాయి. ‘డిజిటల్ అరెస్ట్’ అనేది చట్టంలో లేనే లేదు. ఏ కోర్టూ ఫోన్ చేసి ఫలానా ఖాతాలో డబ్బు వేయమనదు. అనుమానం వస్తే అందులో ఉన్న నంబర్ యాప్‌లో వెతకండి, అప్పటికీ తేలకపోతే ఆ కోర్టు ఆఫీసుకే వెళ్లి అడగండి.

ఆఫీసులో ఏం అడగవచ్చు, ఏం అడగకూడదు. మీ అసలు ప్రశ్న ఇదే అనుకుంటాను. జనం వచ్చి, ‘సార్, మేమేం చేయాలి?’ అంటారు. ఆ ప్రశ్నకు కోర్టు ఉద్యోగి జవాబు చెప్పకూడదు. పొగరు అనుకుంటారు గానీ అది పొగరు కాదు. అవతలి పార్టీ కూడా అదే కిటికీ దగ్గరికి వస్తుంది. ఒకరికి ఏం రాయాలో చెప్పిన ఉద్యోగి ఇద్దరికీ సమానంగా ఉండలేడు. కానీ ఇవి అడగండి, చెప్పాలి: మా కేసు ఏ దశలో ఉంది? తర్వాతి వాయిదా ఎప్పుడు? ఫైలింగ్ ఎక్కడ, ఎన్ని గంటల వరకు తీసుకుంటారు? కాపీకి ఏ అప్లికేషన్, ఫీజు ఎంత? మా పిటిషన్ వెనక్కి ఇచ్చారు, ఏ లోపం ఉందని? లీగల్ సర్వీసెస్ ఆఫీసు ఎటువైపు? చేతిలో నంబర్‌తో ఇలా ఒక్కొక్క ప్రశ్న అడిగినవాళ్లకు అయిదు నిమిషాల్లో పని అయ్యేది. కథ మొదటి నుంచి మొదలుపెట్టినవాళ్లు లంచ్ వరకు ఉండిపోయేవాళ్లు.

గేటు దగ్గర ‘నేను చేయించి పెడతాను’ అని దగ్గరికి వచ్చేవాళ్లకు ఏమీ ఇవ్వకండి. ఆఫీసులో కట్టేది కోర్టు ఫీజు, కాపీ చార్జీలు, సమన్లు నోటీసులు పంపడానికి ప్రాసెస్ ఫీజు. వాటికి స్టాంపో రసీదో ఉంటుంది. రసీదు లేని ఖర్చు అక్కడ లేదు.

కోర్టు హాల్లో. ఉదయం పదింటికల్లా చేరుకోండి. తలుపు పక్కన ఆ రోజు లిస్టు అతికించి ఉంటుంది, మీ వరుస సంఖ్య చూసుకోండి. పదిన్నరకు జడ్జి వచ్చాక ముందు కాల్ వర్క్, అంటే అన్ని కేసులూ వరసగా పిలిచి వాయిదాలు వేయడం. తర్వాతే సాక్ష్యాలు, వాదనలు. అటెండర్ పేరు పిలుస్తాడు, ఆ గోలలో వినబడకపోవచ్చు, అందుకే గుమ్మానికి దగ్గరగా ఉండండి. లాయర్ ఇంకో హాల్లో ఉంటే మీరు లేచి, ‘మా లాయర్ గారు వస్తున్నారు, కాసేపు ఆగండి’ అని చెప్పవచ్చు. తప్పేమీ లేదు, పక్కన పెట్టి మళ్లీ పిలుస్తారు. లాయర్లు విధులు బహిష్కరించిన రోజైనా, జడ్జి సెలవులో ఉన్న రోజైనా కేసు ఏదో ఒక తేదీకి వాయిదా పడుతుంది, ఆ తేదీ తెలుసుకోకుండా ఇంటికి రావద్దు.

కోర్టు బహిరంగం. కేసు ఉన్నా లేకపోయినా ఎవరైనా వెనక బెంచీలో కూర్చుని చూడవచ్చు. కుటుంబ వివాదాల్లాంటి కొన్నింటికే తలుపులు మూస్తారు. నాన్నగారికి భయంగా ఉంటే వాయిదా కంటే ముందు ఒకరోజు తీసుకెళ్లి అరగంట కూర్చోబెట్టండి. మొదటిసారి బోనెక్కేవాళ్లకు నేను అదే చెప్పేవాణ్ని. జడ్జి కూడా మామూలుగా మాట్లాడే మనిషేనని చూశాక సగం దడ పోతుంది.

సాక్ష్యం రోజు. ఇప్పుడు ముఖ్య సాక్ష్యం అఫిడవిట్‌గా ఇస్తారు. అవతలి లాయర్ ప్రశ్నలు వేసే క్రాస్ ఎగ్జామినేషన్‌కి మాత్రం మనిషి కావాలి. నడవలేని స్థితిలో ఉంటే ఇంటి దగ్గరే సాక్ష్యం నమోదు చేయడానికి అడ్వకేట్ కమిషనర్‌ని, అంటే కోర్టు తరఫున వచ్చే లాయర్‌ని, నియమించమని పిటిషన్ వేయవచ్చు. డాక్టర్ సర్టిఫికెట్ కావాలి, ఉత్త వయసు చూపితే జడ్జి ఒప్పుకోకపోవచ్చు. వీడియో ద్వారా చెప్పడానికి అనుమతి అడిగే దారి కూడా ఉంది. తెలుగులోనో ఉర్దూలోనో ఆయనకు వచ్చిన భాషలో చెప్పవచ్చు. రికార్డు ఎక్కువగా ఇంగ్లీషులో టైప్ అవుతుంది, కాబట్టి సంతకం పెట్టేముందు చదివి వినిపించమని అడగాలి. మొహమాటపడితే ‘నాకు తెలియదు’ అన్నది ‘కాదు’ అని పడిపోతుంది, అలా పడిన ఫైళ్లు చూశాను. మీరు జీపీఏ (ఆయన తరఫున పనులు చేసే అధికారపత్రం) తీసుకుని నడిపిద్దామనుకుంటే ఒక చిక్కు ఉంది. సంతకాలు, దాఖలు చేయడాలు చేయవచ్చు గానీ, ఆయనకు మాత్రమే తెలిసిన విషయాల మీద ఆయన బదులు మీరు సాక్ష్యం చెప్పలేరు. ముప్పయ్యేళ్ల కిందట గోడ ఎవరు కట్టారో ఆయనే చెప్పాలి.

లాయర్ ఫీజు భారమైతే కోర్టులో లీగల్ సర్వీసెస్ అథారిటీ ఆఫీసుకు వెళ్లండి. 1987 చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ని ఇవ్వాలి. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. సమన్లలో రెండో ప్రతివాదిగా మీ అమ్మగారి పేరు కూడా ఉంటే ఆవిడ నేరుగా అర్హురాలు, ఇది చాలామందికి తెలియదు. ఫోన్‌లో అడగాలంటే 15100.

అదే ఆఫీసు రాజీ కుదిర్చే లోక్ అదాలత్ కూడా నడుపుతుంది. పక్కింటి గోడ తగాదాకి నా ఓటు దానికే. అక్కడ రాజీ కుదిరితే అది డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు, దావా వేసినవాళ్లకు కోర్టు ఫీజు వాపసు వస్తుంది. ఈ ఫీజు వాపసు మాట అవతలివాళ్ల చెవిన వేయండి, కొన్నిసార్లు అదే వాళ్లను బల్ల దగ్గరికి తెస్తుంది. కానీ అప్పీలు లేదు కాబట్టి ఎన్ని అడుగులు, ఎటువైపు, ఖర్చు ఎవరిది అన్నీ కొలతలతో సహా రాయించుకున్నాకే సంతకం. ‘ఇరుపక్షాలు సామరస్యంగా ఉండునట్లు’ అని రాసుకుని వెళ్లి, రెండేళ్లకు మళ్లీ వచ్చినవాళ్లు ఉన్నారు.

సర్టిఫైడ్ కాపీలు. జడ్జిమెంటు వచ్చిన రోజే కాపీకి అప్లికేషన్ పెట్టించండి. జిల్లా స్థాయి కోర్టుకు అప్పీలు గడువు 30 రోజులు, హైకోర్టుకైతే 90. కాపీ తయారీకి పట్టిన కాలాన్ని ఆ లెక్కలోంచి తీసేస్తారు. అందుకే కాపీ మీద తేదీల ముద్ర ఉంటుంది: అప్లికేషన్ ఎప్పుడు పెట్టారు, స్టాంపులు ఎప్పుడు అడిగారు, ఎప్పుడు ఇచ్చారు, కాపీ ఎప్పుడు సిద్ధమైంది. జనం ఆ ముద్రను చూడనే చూడరు, అప్పీలు టైములో ఉందా లేదా తేల్చేది మాత్రం అదే. సిద్ధమయ్యాక మీరు తీసుకోకుండా పడేసిన రోజులు మీ ఖాతాలోకే వస్తాయి. యాప్‌లోంచి దించుకున్న ఉత్తర్వు చదువుకోవడానికి సరిపోతుంది, అప్పీలుకు పనికిరాదు.

పెద్ద కోర్టు అనగానే అందరికీ తగాదాలే గుర్తొస్తాయి గానీ, అవతల ఎవరూ లేని కేసులు కూడా అక్కడికి బోలెడు వస్తాయి. భర్త పోయాక నామినీ లేని బ్యాంకు డబ్బు కోసం వారసత్వ సర్టిఫికెట్ అడిగే ఆడవాళ్లు, తల్లిదండ్రులు లేని మైనర్ పిల్లలకు గార్డియన్‌గా నియమించమనే మేనమామలు, రోడ్డు ప్రమాద పరిహారానికి వచ్చే కుటుంబాలు. తహశీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ ఉంటే చాలనుకుని వచ్చి, బ్యాంకు కోర్టు సర్టిఫికెట్ అడిగిందని తెలిసి బిత్తరపోయేవాళ్లు. వాళ్లకు కూడా పై మాటలన్నీ వర్తిస్తాయి.

మీరు ఈ వారంలో చేయాల్సింది: కవర్‌లో కాగితాలన్నీ ఫోటో తీసి దాచండి, ఐ.ఏ. తేదీ విడిగా ఉందేమో చూడండి, మలక్‌పేట వైపు సివిల్ కేసులు చేసే లాయర్‌ని ఇద్దరు ముగ్గురిని అడిగి ఒకరిని ఎంచుకోండి. ఇంటి దస్తావేజు, పాత ప్లాను, గోడ పాత ఫోటోలు, పన్ను రసీదులు నాన్నగారి చేత ఒకచోట పెట్టించండి. సమన్ల మీదున్న కోర్టు పేరు, వచ్చిన తేదీ ఇక్కడ రాస్తే ఏ గదికి వెళ్లాలో నాకు తెలిసినంత చెబుతాను. పార్టీల పేర్లు, ఇంటి నంబర్, ఓ.ఎస్. నంబర్ మాత్రం ఇక్కడ పెట్టకండి.